బీమావారు వదలిన కారు: కొనువారికి, అమ్మువారికి కొన్ని మాటలు

సంతకు పోయి ఎద్దును బేరమాడు రైతు ముందుగా దాని నోరు తెఱచి పండ్లు చూచును. పిమ్మట నడిపించును, కాడి మోపించును, గిట్టలు తట్టి చూచును. దళారి రుమాలు క్రింద వ్రేళ్లు పట్టి ఎంత తొందరపెట్టినను తనకు నమ్మకము కుదరనిదే తల యూపడు. ఆ రైతే నాలుగైదు లక్షలు పోసి పాత కారు కొనునప్పుడు రంగు చూచి, పాటలపెట్టె విని, బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. ఎద్దు విషయమున మనకు తాతలనాటి విద్య కలదు. కారు విషయమున ఆ విద్య ఇంకను మన యిండ్లకు రాలేదు. అందుచేత, పైరుపచ్చల సంగతులు వ్రాయవలసిన నేను ఈ నెల ఈ సంగతి వ్రాయుచున్నాను.

దీనికి కారణమైన వాడు నేను తిరుగు గ్రామములలోని ఒక సంఘసభ్యుడు. అతని తల్లికి మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు పర్యాయములు పట్టణమునకు తీసికొనిపోయి రక్తశుద్ధి చేయింపవలెను. బస్సు ఎక్కలేని ముసలిది. పసుపు అమ్మిన సొమ్మునకు రెండు గేదెల సొమ్ము చేర్చి, అతడు మూడేండ్ల వయసు గల కారును 4,75,000 రూపాయలకు కొనెను. అట్టి కారు బజారులో 5,25,000 పలుకుచుండగా తనకు ఏబదివేలు కలిసివచ్చినవని సంతోషించెను. మూడు నెలలు బండి చక్కగానే నడిచెను. నాలుగవ నెలలో దీపములు మిణుకుమిణుకుమనుట, తలుపు అద్దములు వాటంతటవి దిగుట మొదలయ్యెను. ఒకనాటి రాత్రి పట్టణమునుండి తిరిగి వచ్చుచుండగా కాలువగట్టు మీద బండి నిలిచిపోయెను. తల్లిని వెనుక సీటులో పెట్టుకొని రెండు గంటలు అక్కడనే యుండవలసి వచ్చినది.

మఱునాడు మెకానిక్కు సీట్లు విప్పి క్రింది పఱపు లేవనెత్తెను. దాని అడుగున సన్నని బూడిదరంగు ఒండ్రు పొరగా ఎండి, బీటలు వాఱియుండెను. మన సభ్యుడు దానిని వ్రేళ్ల నడుమ నలిపి చూచి, “అయ్యా, ఇది మా కాలువ ఒండ్రు గాదు” అనెను. రైతునకు మట్టి తెలియకుండునా? బండి ఎక్కడనో వరదలో మునిగినది. బీమావారు దానిని పూర్తి నష్టము క్రింద కొట్టివేసి సొమ్ము చెల్లించినారు. ఎవరో దానిని కొని, కడిగి, తుడిచి, అత్తరు చల్లి అమ్మినారు.

ఇక్కడ బీమావారి లెక్కను కొంత తెలిసికొనవలెను. కారు పాలసీ మీద ఒక మొత్తము వ్రాసియుండును. బండి పూర్తిగా పోయినచో కంపెనీ ఇయ్యదగిన సొమ్ము అది. దీనిని ఐ.డి.వి. అందురు. క్రొత్త బండి ధరలోనుండి వయసును బట్టి తరుగు తీసి దీనిని కట్టుదురు. ఆఱు నెలలలోపు బండికి నూటికి 5, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, ఐదేండ్లలోపు 50 చొప్పున తరుగు. అంతకు పైబడిన బండికి ఉభయులును ఒప్పుకొన్నదే విలువ. బండికి దెబ్బ తగిలినప్పుడు సర్వేయరు వచ్చి బాగుచేతకు ఎంత యగునో అంచనా కట్టును. ఆ వ్యయము ఐ.డి.వి.లో నూటికి 75 వంతులు మించినచో బాగుచేయింపక, పూర్తి నష్టముగా ఎంచి సొమ్ము చెల్లింతురు. మెకానిక్కుల నోట వినవచ్చు ‘టోటల్ లాస్’ అను మాటకు అర్థమిదియే.

ఈ మాటను విని బండి చచ్చినదని తలంపరాదు. ఇది లెక్కల పుస్తకములోని మాట గాని ఇనుమును గూర్చిన మాట కాదు. గాలివానకు వరిచేను పడిపోయినప్పుడు, కోతకూలి గింజల విలువను మించునని తోచినచో చేనును పశువులకు వదలుచున్నాము. గింజ లేదని కాదు, కూలి గిట్టదని. అట్లే ఎనిమిదేండ్ల బండికి విలువయే స్వల్పము. తలుపు, దీపము, బంపరు నలిగి, గాలితిత్తులు రెండు పేలినంత మాత్రముననే ఖర్చు 75 వంతులు దాటవచ్చును. అట్టి బండిని నమ్మకమైన పనివాడు సరిగా బాగుచేసినచో చాల ఏండ్లు నడచును. మఱొకటి, ముందు చట్రము వంగినదో, నీటిలో రెండు దినములు నానినదో, అదియు ‘టోటల్ లాసే’. పేరు రెంటికిని ఒక్కటే. చిక్కంతయు ఇందులోనే యున్నది.

సొమ్ము ఎక్కడ చేతులు మాఱునో ఒక లెక్కతో చెప్పెదను, అంకెలు మాటవరుసకు. ఐ.డి.వి. ఆఱు లక్షలనుకొందము. కంపెనీ వర్క్‌షాపువారు క్రొత్త సామానుతో బాగుచేతకు 4,80,000 అంచనా వేసిరి. హద్దు 4,50,000 గనుక దాటినది. బీమావారు యజమానికి ఇంచుమించు ఆఱు లక్షలు ఇచ్చి, నలిగిన బండిని పాటలో 1,80,000కు విక్రయించిరి. వారికి నికరముగా పోయినది 4,20,000 మాత్రమే. బాగుచేయించుటకంటె ఇదే లాభము. పాటలో కొన్నవాడు పాత సామాను వేసి, చవుక కూలితో 1,20,000 ఖర్చుపెట్టెను. అతనికి పడినది మూడు లక్షలు. ఉన్న సంగతి చెప్పి మూడున్నరకు అమ్మినచో అది న్యాయమైన వర్తకము. అతని శ్రమకు కూలి దక్కినది, కొన్నవానికి చవుక బండి దొరకినది. చెప్పక 4,75,000కు అమ్మినచో, పైబడిన లక్షా ఇరువదియైదు వేలు కొన్నవాని తెలియమి మీద తీసిన పన్ను.

బండి కథ కాగితములలో ఏల కానరాదు అని అడుగుదురేమో. బీమావారు సొమ్ము చెల్లించునప్పుడు సాధారణముగా యజమానిచేతనే బదిలీ ఫారములమీద సంతకములు తీసికొందురు. పాటలో కొన్నవాడు ఆ కాగితములతో నేరుగా యజమాని పేరునుండి తన పేరునకో, తన తరువాతివాని పేరునకో మార్పించుకొనును. ఆర్.సి.లో ‘రెండవ యజమాని’ అని మాత్రమే యుండును. నడుమ జరిగిన సంగతికి ఆనవాలే లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ప్రకారము, ధ్వంసమైన లేక ఇక నెన్నటికిని వాడుకకు రాని బండి సంగతి యజమాని పదునాలుగు దినములలో, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి.ని ఒప్పగింపవలెను. కాని ‘ఇక నెన్నటికిని వాడుకకు రానిది’ అనుటకును ‘బాగుచేయించుట గిట్టనిది’ అనుటకును నడుమ గల సందులోనుండి బండ్లు బజారునకు నడచి వచ్చుచున్నవి.

ఇంగ్లండులో ఇట్టి బండ్లకు తరగతులు ఏర్పఱచినారు. 2017 అక్టోబరు నుండి అవి నాలుగు: ఏ, బి, ఎస్, ఎన్. ఏ తరగతి బండిని మొత్తముగా నలుగగొట్టవలెను; ఒక మేకైనను తీయరాదు. బి తరగతిలో సామాను తీసికొనవచ్చును గాని ఒడలు నలుగగొట్టవలెను. ఎస్ అనగా చట్రమునకు దెబ్బ తగిలినది, ఎన్ అనగా చట్రమునకు తగలనిది. ఈ రెండును బాగుచేసి మరల రోడ్డుమీదికి తేవచ్చును. కొనువాడు ఆ అక్షరమును చూచి ధర తగ్గించి అడుగును. అమెరికాలో రాష్ట్రములు బండి హక్కుపత్రము మీదనే ‘సాల్వేజి’ అని ముద్ర వేయును. అక్కడను మోసగాండ్రు లేకపోలేదు. ఒక రాష్ట్రపు ముద్రను మఱొక రాష్ట్రమున రిజిస్టరు చేయించి కడిగివేయు విద్య వారికిని తెలియును. అయినను ముద్ర వేయుటయే మేలు. మన ఆర్.సి. పత్రము మీద అట్టి తరగతి ముద్ర లేదు. కావున అక్షరము చేయవలసిన పనిని మనమే మన కన్నులతో చేసికొనవలెను.

2015 డిసెంబరులో చెన్నపట్టణము మునిగెను. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతము మునిగినవి. ఇండ్లముందు నిలిపిన బండ్లు కప్పుల వఱకు నీటిలో నున్న బొమ్మలను పత్రికలలో చూచియుందురు. అవన్నియు బాగుపడి మన యొద్దకు వచ్చినవని నేను చెప్పుటలేదు. వరద వచ్చిన తరువాత కొన్ని నెలలకు చవుక బేరము ఎదురైనప్పుడు ‘ఇది ఎక్కడినుండి వచ్చినది’ అని అడుగుట మాత్రము మఱువరాదు.

నా మట్టుకు నేను దెబ్బ తిన్న బండికంటె మునిగిన బండికే ఎక్కువ భయపడుదును. వంగిన ఇనుమును కంటితో చూడవచ్చును, కొలవవచ్చును. నేటి కారులో నిలువునను అడ్డముగను తీగెలు పోయినవి. అవి కలియుచోట్ల రాగి పిన్నులు కలవు. బురదనీరు చేరిన పిన్ను ఎండిన తరువాత కొన్నాళ్లు పనిచేయును. పిమ్మట పచ్చని చిలుము పట్టి నెమ్మదిగా చెడును. నేడు దీపము, రేపు అద్దము, ఎల్లుండి ఇంజను పెట్టె. గాలితిత్తులను పేల్చు పెట్టె తఱచుగా సీట్ల నడుమ నేలబారున నుండును. అది తడిసినచో అవసరము వచ్చిన నాడు పనిచేయునన్న నమ్మకము లేదు. నీరు ఇంజను లోనికి పీల్చబడినచో గాలివలె నొక్కుకొనక కనెక్టింగు రాడ్డును వంచివేయును. మునిగిన బండిని తెలియక తాళము త్రిప్పి ఇంజను పాడుచేసికొన్నవారు కోకొల్లలు. నీటిలో నిలిచిన బండికి తాళము త్రిప్పరాదు. త్రోసికొనియో కట్టియో తీసికొనిపోవలెను.

పరీక్షకు పగటివేళ, ఎండలో, కడుగని బండి దగ్గఱకు పోవలెను. సీటుబెల్టును చివఱి వఱకు లాగి చూడుడు. బయట నుండు మూరెడు శుభ్రముగా నుండును. లోపల చుట్టుకొన్న భాగమునందు బురదచార నిలిచియుండును. ఇంతకంటె సులువైన సాక్ష్యము నాకు కనబడలేదు. సీటు జాఱు పట్టాల మేకులకు త్రుప్పు ఉన్నదా, స్టెపినీ చక్రము పెట్టు గుంటలో ఒండ్రు ఉన్నదా, దీపముల అద్దము లోపల నీటిగీత కలదా చూడవలెను. కిటికీలు మూయించి, ఏ.సి. వేసి, వాసన చూడవలెను. అత్తరు ఘాటుగా నున్నచో సందేహింపవలెను. గేరు నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినట్లే.

గుద్దుకొన్న బండికి మఱొక పరీక్ష. బానెట్టు ఎత్తి ఇరుప్రక్కల ఇనుపరేకుల అతుకులు చూచినచో కంపెనీలో మరలు వేసిన చుక్కల అతుకులు గుండ్రముగా, సమదూరమున నుండును. చేతితో అతికినది గడ్డకట్టినట్లుండి, దానిమీద క్రొత్త రంగు మెఱయును. తలుపు సందులు రెండు ప్రక్కల సమముగా నున్నవా? మడ్‌గార్డు మేకుల తలలమీద పానా గాట్లు కలవా? అద్దములమీద తయారీ ముద్రలుండును. అన్నియు ఒకే కాలమువై, ముందు అద్దము మాత్రము క్రొత్తదైనచో కారణ మడుగవలెను. రాయి తగిలి పగిలియుండవచ్చును, అదేమియు నేరము గాదు. తాళము త్రిప్పగనే గాలితిత్తి గుర్తు దీపము వెలిగి కొన్ని క్షణములకు ఆఱవలెను. ఆఱకపోయినచో లోపము. అసలు వెలుగకపోయినచో ఎవరో దాని నోరు నొక్కినారు. ఇది మఱింత చెడ్డది. పేలిన తిత్తికి బదులు ఖాళీ మూత బిగించి అమ్మువారు కలరు. నేర్పరియైన మెకానిక్కునకు వేయి, రెండువేలు ఇచ్చి బండిని ఎత్తించి చూపించుకొనుట నష్టము గాదు. అయితే ఆ మెకానిక్కు అమ్మువాడు తెచ్చినవాడు కాకూడదు.

ఇంకొక మోసము దీనికి తోబుట్టువు. విత్తనముల సంచుల విషయమున మనము చూచినదే ఇది: పేరున్న కంపెనీ సంచి, చీటీ, లాటు నెంబరు అన్నియు సరియైనవే, లోపలి గింజ మఱొకటి. పాటలో నలిగిన బండిని కొందఱు బాగుచేయుటకు గాక దాని ఆర్.సి. కొఱకే కొందురు. అదే రకపు దొంగబండికి ఈ చాసిస్ నెంబరును చెక్కి, ఈ కాగితములతో అమ్మివేయుదురు. కొన్నవాని కారు మంచిదే, కాని ఒకనాడు పోలీసులు వచ్చి తీసికొనిపోవుదురు. సొమ్ము అడుగుటకు మనిషి దొరకడు. అందుచేత పదునేడు అక్షరములు గల చాసిస్ నెంబరును ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూడవలెను. పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయుడు. అక్షరములు ఎగుడుదిగుడుగా నున్నను, చుట్టును ఇనుము గీకిన జాడ యున్నను బేరము వదలి వచ్చుట మేలు. ఇంజను నెంబరు సంగతియు నంతే. ఎమ్ పరివాహన్ అను ఫోను సాధనమున బండి నెంబరు వేసి రిజిస్ట్రేషను తేదీ, బీమా గడువు, అప్పుకట్టు చూచుకొనవచ్చును. గత మూడేండ్ల పాలసీల నకళ్లు చూపుమనుడు. ఏడాది నడుమనే ఒక పాలసీ రద్దై, కొన్ని నెలలు బీమా లేక, మఱొక కంపెనీలో క్రొత్తగా మొదలైనచో, ఆ ఖాళీ నెలలలో బండి ఎక్కడ పండుకొన్నదో అడుగవలెను.

ఇక చట్టము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో గుఱ్ఱపు బేరమును ఉదాహరణగా చెప్పినారు. జబ్బు గల గుఱ్ఱమును వేలమున అమ్మువాడు ఏమియు పలుకకుండుట మోసము గాదట. ఇది విని మన సభ్యుడు తెల్లబోయెను. అయితే అదే సెక్షను మఱొక మాటయు చెప్పుచున్నది. కొనువాడు ‘నీవు కాదనకపోయినచో గుఱ్ఱము మంచిదని యెంచుకొందును’ అనగా అమ్మువాడు మిన్నకుండినచో, ఆ మౌనము పలుకుతో సమానము. తెలిసిన లోపమును పనిగట్టుకొని కప్పిపుచ్చుట మోసమే. దీనినిబట్టి కొనువాడు చేయవలసినది స్పష్టము. ‘ఈ బండి ఎన్నడైనను నీట మునిగినదా? బీమావారు పూర్తి నష్టము క్రింద సొమ్ము చెల్లించినారా?’ అని నోట గాక కాగితముమీద అడిగి, జవాబు వ్రాయించుకొని సంతకము తీసికొనవలెను. నిజము చెప్పిన ధర తగ్గును. అబద్ధము వ్రాసిన పట్టుబడును. వ్రాయనన్నచో అదియు ఒక జవాబే. అమ్మినవాడు వర్తకుడైనచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము జిల్లా కమిషనుకు రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును.

అమ్మువారికిని ఒక హెచ్చరిక. మీ కారే రోడ్డుమీద నలిగి, బీమావారు సొమ్మిచ్చి బండిని పాటలో వేసినారనుకొనుడు. ఫారములమీద సంతకములు చేసి చేతులు దులుపుకొనరాదు. బదిలీ సంగతి పదునాలుగు దినములలో రిజిస్ట్రేషను కార్యాలయమునకు మీరు తెలుపవలెను. కొన్నవాడు ముప్పది దినములలో. పేరు మాఱకమునుపే ఆ బండి ఎవరినైన గుద్దినచో, ఆర్.సి.లో పేరున్నవాడే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఎవడో చేసిన గ్రుద్దుపాటుకు మీ పొలము వాకిట అమీనా నిలువవచ్చును. పేరు మాఱినదని కాగితము కంటబడు వఱకు కొన్నవాని వెంట పడవలెను.

మన సభ్యుని సంగతి ముగింపవలసియున్నది. మెకానిక్కు తాత్కాలికముగా పిన్నులు శుభ్రముచేసి, ‘వానకాలము రాకమునుపే ఎవరికైన అంటగట్టు’ అని ఉపదేశించెను. కొనువాడును సిద్ధముగానే యుండెను. అదే సంఘమున సభ్యుడు, పాల కేంద్రమునకు క్యానులు మోయుటకు బండి వెదకుచున్నాడు. నాలుగు లక్షల ఏబదివేలకు ఒప్పుకొన్నాడు. బయానా పుచ్చుకొనుటకు ముందు నాటి సాయంకాలము మనవాడు నాయొద్దకు వచ్చి, “నన్ను ముంచినవాడు చెప్పలేదు. నేను మాత్రము ఏల చెప్పవలెనయ్యా?” అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. అతని తల్లి మందుల చీటీ జేబులోనుండి కనబడుచుండెను. కొంతసేపటికి, “నీ తరువాత అతడును ఇదే ప్రశ్న మఱొకని అడుగును. ఆ మఱొకడును మన సంఘమువాడే కావచ్చును” అని మాత్రము అంటిని. అతడు లేచి పోయెను. కోపము వచ్చినదనుకొంటిని.

రెండు దినములకు ఇద్దఱును కలిసి సంఘ కార్యాలయమునకు వచ్చిరి. మనవాడు పఱపు లేవనెత్తి ఒండ్రు చూపినాడట. పాలవాడు చాలసేపు మాటాడక, పట్టణమునుండి వేఱు మెకానిక్కును తెప్పించి చూపించినాడు. ఇంజను బాగున్నదనియు, తీగెల కట్ట మొత్తము మార్చిన గాని బండి నమ్మదగినది కాదనియు అతడు చెప్పెను. ధర 2,90,000కు తెగినది. ‘నీట మునిగిన బండి, తీగెలు కొన్నవాడు మార్చుకొనవలెను’ అని కాగితముమీద వ్రాసి ఇద్దఱును సంతకములు చేసిరి. కార్యదర్శియు నేనును సాక్షులము. ఆ వారమే పేరు మార్పించిరి. అమ్మిన వర్తకునిమీద మనవాడు జిల్లా కమిషనులో ఫిర్యాదు వేసినాడు. అది విచారణలో నున్నది. తీగెలు మార్చిన బండి ఇప్పుడు తెల్లవారుజామున పాల క్యానులతో మా రోడ్డుమీద పోవుచున్నది. తల్లిని అతడు అద్దె ఆటోలో తీసికొనిపోవుచున్నాడు.